మెదడులో రెండు సగాలు - జ్ఞాపకాలు

పక్షవాతంతో కుడి చెయ్యి, కాలు పడిపోయిన వారిని చూపించి బంధువులు మాతో తరచుగా అనే మాట: "డాక్టరుగారూ, మా పేర్లు కూడా మరచిపోయారండీ." చాలాసార్లు అది మరపు కాదు. శరీరంలోని కుడి ప్రక్కను నడిపేది మెదడులోని ఎడమ సగం. మనలో ఎక్కువమందికి మాట కూడా అక్కడే ఉంటుంది. రోగికి మీరెవరో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. అందుచేత "నేనెవరో చెప్పు, చూద్దాం" అని పదిమందిలో పరీక్ష పెట్టకండి. అది వారిని ఎంతో బాధపెడుతుంది. ఫొటో చూపించి ఇతనేనా, ఆమేనా అని అడిగితే తల ఊపి చెప్పగలుగుతారు. మాట రానివారిలో కొందరు బాగా వచ్చిన పాటను పదాలతో సహా పాడగలరు కూడా.

ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అని పత్రికల్లో వస్తుంటుంది. పని అంత సూటిగా చీలిపోలేదు. రెండు సగాలను కలుపుతూ సుమారు 20 కోట్ల నరాల పోగులున్నాయి. అయితే కొంత తేడా మాత్రం నిజమే. కెనడాలోని మాంట్రియల్‌లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త, మూర్ఛకోసం కణత లోపలి మెదడు భాగం తీసివేసిన రోగులను పరీక్షించారు. ఎడమవైపు తీసినవారికి విన్న కథ, చదివిన మాటలు నిలవలేదు. కుడివైపు తీసినవారికి కొత్త ముఖాలు, దారులు గుర్తుండలేదు.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకునికి రెండువైపులా తీసేశారు. 2008లో చనిపోయేవరకు కొత్త సంగతి ఏదీ ఆయనకు నిలవలేదు. కాని అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం మాత్రం రోజురోజుకూ బాగా నేర్చుకున్నారు, నిన్న గీసిన సంగతే తెలియకుండా! చేతి పనితనం మెదడులో వేరేచోట నిలుస్తుందన్నమాట.

కుడి మెదడు దెబ్బతిన్నవారు చక్కగా మాట్లాడతారు. అందుకే ఇంట్లోవారు మోసపోతారు. తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు, కంచంలో ఎడమ ప్రక్క అన్నం వదిలేస్తారు. అది అశ్రద్ధ కాదు, కసరకండి. దారిని మాటల్లో చెప్పండి: "గుడి దాటాక రెండో ఇల్లు."

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే తీసుకురండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి మాకు చెప్పండి.