తాగుడూ – కాళ్ళ నరాలూ

తాగుడు వల్ల లివరు చెడుతుందని మన విద్యార్థి మిత్రులకు చెప్పనక్కరలేదు. కాని ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారికి కాళ్ళ నరాలు చచ్చుబడతాయంటే, చదువుకున్నవాళ్ళు కూడా "అబ్బే, వాతం అయ్యుంటుందండీ" అంటారు. వార్డులో నేను తరచు వినే మాట ఇది.

ముందు నరం సంగతి చూద్దాం. బొటనవేలి స్పర్శను మోసుకొచ్చే నరకణం ఉండేది నడుము దగ్గర, వెన్నెముక పక్కన. దాని తంతువు పొడవు సుమారు ఒక మీటరు! ఆ కొసదాకా కావలసిన సరుకంతా ఆ కణమే తయారుచేసి పంపాలి. కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే కదా. అందుకే జబ్బు రెండు పాదాల్లోనూ మొదలై, మేజోళ్ళు తొడిగినట్టు పైకి పాకుతుంది. చేతివేళ్ళ వంతు ఆ తర్వాత.

తాగుబోతుల కాళ్ళ జబ్బును 1822లోనే బోస్టన్ వైద్యుడు జేమ్స్ జాక్సన్ వర్ణించాడు. కారణం దగ్గరే పేచీ వచ్చింది. జావాలో ఐక్‌మన్ 1890లలో పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం గమనించాడు. అది బి-1 విటమిను, అంటే థయమిన్, లోపమని తర్వాత తేలింది. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. (వెనకటికి మన ఉత్తర సర్కార్లు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతమే.) తాగేవాడు సరిగా తినడు, తిన్నదాంట్లోని థయమిన్‌ను పేగు సరిగా పీల్చుకోదు. కనుక ఇదీ బెరిబెరే అని చాలాకాలం అనుకున్నారు. 2003లో జపాను వైద్యులు రెంటినీ విడదీసి చూపారు. థయమిన్ లోపమైతే కాళ్ళ బలం త్వరగా పోతుంది; మద్యం విషమైతే మంటలూ, పోట్లూ ముందు, ఏళ్ళమీద నెమ్మదిగా. బాగా తింటూ తాగితే ఏం కాదనే వాదం నా దృష్టిలో అక్కడితో చెల్లిపోయింది.

నేను రోగిని రెండు ప్రశ్నలు అడుగుతాను. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడంలేదా? మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే తూలుతున్నారా? కీళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో పాదాలు చెప్పడం మానేస్తే, మనిషి కళ్ళమీద ఆధారపడే నిలబడతాడు. అయితే అన్నిటినీ తాగుడుకే అంటగట్టకూడదు. షుగరు, కుష్ఠు, బి-12 లోపం కూడా చూసుకోవాల్సిందే.

ఇంకో సంగతి. నీరసమంటే గ్లూకోజు సీసా పెట్టించుకోవడం మనవైపు ఆచారం. గ్లూకోజును శరీరం వాడుకోవాలంటే థయమిన్ కావాలి. తాగుబోతు ఒంట్లో మిగిలిన ఆ కాస్తా ఆ సీసాతో ఖర్చయిపోతే దెబ్బ మెదడుకు తగులుతుంది: చూపు కుదురుగా నిలవదు, నడక తడబడుతుంది, మతి తప్పుతుంది. 1881లో వెర్నికె వర్ణించిన జబ్బు ఇదే. గ్లూకోజుకు ముందుగానో, కనీసం దానితోపాటో థయమిన్ ఇంజెక్షన్ పడాలి. మీ ఇంట్లోవాళ్ళకు సీసా పెడుతుంటే, ఆయన తాగుతాడన్న మాట దాచకుండా చెప్పండి. పరువుకన్నా మెదడు ముఖ్యం.

మరి నయమవుతుందా? మానేస్తే చాలామందికి కొంత నయమవుతుంది. పూర్తిగా అందరికీ కాదు. ఎక్కువగా తాగేవాళ్ళు డాక్టరు అండ లేకుండా హఠాత్తుగా మానితే ఫిట్లు రావచ్చు. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోకాలి నుంచి వేలిదాకా అరమీటరు అనుకుంటే ఏడాదిన్నర. ఈలోగా స్పర్శలేని అరికాలికి ముల్లు దిగినా తెలియదు గనుక, రోజూ రాత్రి దీపం వెలుగులో పాదాలు చూసుకోమంటాను, చూపు ఆననివారికి ఇంట్లోవాళ్ళను చూడమంటాను.