మూలబడిన పవర్ టిల్లరును బాగుచేసికొనుట
గ్రామ పంచాయతీ సభ్యులకు ఈ మాసపు పాఠము

గ్రామములలో పర్యటించునపుడు మాకు తరచుగా కనబడు దృశ్యమొకటి కలదు. పంచాయతీ కార్యాలయము వెనుకనో, సహకార సంఘపు గోదాము పంచనో, ఏ వేపచెట్టు క్రిందనో ఒక పాత పవర్ టిల్లరు తుప్పుపట్టి నిలిచియుండును. టైర్లలో గాలి యుండదు. పొగగొట్టములో కందిరీగలు గూడు కట్టియుండును. ఎవరిని అడిగినను, "అది చచ్చిన యంత్రమండీ, పాత ఇనుముకు అమ్మవలసిందే" అందురు.

ఆ మాటను వెంటనే నమ్మరాదు. చచ్చినదనుకొన్న యంత్రము తొట్టిలో చేరిన నీటివలననో, పూడిన ఫిల్టరువలననో, తెగిన బెల్టువలననో ఆగియుండవచ్చును. అయితే దానిని తిరిగి నడపించుటతో పని ముగియదు. బాగుపడిన యంత్రము ఎవరికిని హాని చేయకుండ చూచుట కూడ మరమ్మతులో భాగమే. ఈ రెండు సంగతులను కలిపి ఈ పాఠమున వివరించుచున్నాము.

యంత్రము యొక్క స్వరూపము

పవర్ టిల్లరు అనగా వెనుక నడచుచు, రెండు పిడులు పట్టుకొని నడుపు రెండు చక్రముల చిన్న ట్రాక్టరు. జపాను దేశములో చిన్న వరిమడులకు బాగుగా ఉపయోగపడిన ఈ యంత్రము 1960 దశాబ్దములో మన దేశమున వ్యాపింపసాగినది. 1967లో బెంగుళూరున స్థాపింపబడిన వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి వారి సహకారముతోను, 1973లో కేరళలోని అత్తాణిలో నెలకొన్న కామ్కో అను ప్రభుత్వ సంస్థ కుబోటా వారి పద్ధతిలోను వీనిని తయారుచేసినవి. ట్రాక్టరు తిరుగుటకు చాలని చిన్న మడులలోను, దమ్ము చేయుటలోను, తోటల వరుసల నడుమను ఇది చిన్న రైతునకు అక్కరకు వచ్చును.

వీనిలో చాలవాటికి 12 లేక 13 అశ్వశక్తుల, ఒకే సిలిండరు గల డీజిలు ఇంజను ఉండును. ఇంజను శక్తి వి-బెల్టుల ద్వారా క్లచ్చికిని, అచ్చటినుండి గేరుపెట్టెకును పోయి, చక్రములను, వెనుకనున్న రోటవేటరును త్రిప్పును. నిర్మాణము ఇంత సరళమైనది గనుకనే, ఆయిలు ఇంజనులను బాగుచేయగల ఊరి మెకానిక్కు చేతికి ఇది లొంగును.

విప్పుటకు ముందు

యంత్రమును చదునైన నేలమీద నిలిపి, గట్టి చెక్కదిమ్మెలు పెట్టవలెను. ఒక్క జాకీని నమ్మి క్రింద చేతులు పెట్టరాదు. మూసిన పాకలో ఇంజనును నడుపరాదు. పొగలోని విషవాయువు వాసన తెలియకయే ప్రాణము తీయును. విప్పు ప్రతి భాగమును ముందుగా సెల్‌ఫోనులో ఫొటో తీసికొనుట మంచిది. ఒక్కొక్క భాగపు నట్లు, బోల్టులు ఒక్కొక్క డబ్బాలో వేసి, పేరు వ్రాసి పెట్టవలెను. ఈ జాగ్రత్త లేకనే సగము విప్పిన యంత్రములు సగములోనే నిలిచిపోవుచుండును.

ఇంజనును పరీక్షించు క్రమము

మొదట, ఇంజను చేతితో తిరుగుచున్నదా లేదా చూడవలెను. డీకంప్రెషను లీవరును ఎత్తి పట్టి హ్యాండిలుతో మెల్లగా త్రిప్పవలెను. తిరుగనిచో పిస్టను పట్టుకొనియుండవచ్చును. అప్పుడు సుత్తితో కొట్టుటగాని, ట్రాక్టరుతో లాగించుటగాని కూడదు. మెకానిక్కుచేత నాజిలు తీయించి, ఆ రంధ్రమున కొద్దిగా డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి, రెండు మూడు దినములు నాననిచ్చి, ఫ్లైవీలును ముందు వెనుకలకు మెల్లగా కదల్పవలెను. పోసిన ద్రవమంతయు వెలుపలికి వచ్చిన పిమ్మటనే నాజిలు బిగించి ఇంజనును నడుపవలెను. లోపల ద్రవము మిగిలిన యెడల కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

రెండవది బిగువు. లీవరును వదలి మెల్లగా త్రిప్పినపుడు, ఒకచోట స్ప్రింగువలె ఎదురుతన్ను రావలెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని బాగుగా అదిమినపుడు పుట్టు వేడిచేతనే డీజిలు మండును. కావున ఎదురుతన్ను లేనిచో వాల్వులు, పిస్టను రింగులు, హెడ్డు గాస్కెట్టు, వీనిలో నేదో చెడినదని గ్రహించి మెకానిక్కుకు అప్పగింపవలెను.

మూడవది డీజిలు. పాత డీజిలును పూర్తిగా తీసివేసి, తొట్టిని కడిగి, కొత్త ఫిల్టరు వేయవలెను. పిమ్మట గొట్టములలోని గాలిని వెడలింపవలెను. ముందు ఫిల్టరుమీది మర, తరువాత పంపుమీది మర వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చువరకు ఆగి బిగింపవలెను. చివర నాజిలు గొట్టపు నట్టును వదులుచేసి హ్యాండిలు త్రిప్పి, అచ్చటి గాలిని కూడ పంపివేయవలెను. నట్టు బిగించి త్రిప్పినపుడు నాజిలువద్ద కిర్రుమను శబ్దము వినబడినచో డీజిలు సరిగా అందుచున్నదని గుర్తు. నాజిలు తుంపరకు చేయి ఎన్నడును అడ్డుపెట్టరాదు. వాతావరణపు ఒత్తిడికి నూరు రెట్లు మించిన ఒత్తిడితో వెలువడు ఆ ధార చర్మమును దూరి లోపలికి పోవును. గాయము సూదిపోటంతయే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మిగిలినవి సులభమైనవి. పాత ఇంజను ఆయిలు తీసి కొత్తది గుర్తువరకు పోయవలెను. గాలి వడపోత పాత్రను కడిగి, అందును ఆయిలు గుర్తువరకే నింపవలెను. నీటి తొట్టిలోని తుప్పును, సున్నపు పొరను తొలగించి శుభ్రమైన నీరు పోయవలెను. స్టార్టు చేయునపుడు బొటనవ్రేలిని కూడ తక్కిన వ్రేళ్ళ వైపుననే ఉంచి హ్యాండిలు పట్టవలెను. ఇంజను వెనుకకు తన్నినచో, చుట్టి పట్టిన బొటనవ్రేలు విరుగును.

బెల్టులు, కత్తులు, క్లచ్చీలు

బెల్టులలో ఒకటి తెగినను మొత్తము జతను మార్చవలెను. కొత్తదియు పాతదియు కలిపినచో భారమంతయు కొత్తదానిమీద పడి అదియు త్వరలో తెగును. రెండు పుల్లీలు ఒకే వరుసలో నున్నవా యని దారము పట్టి చూడవలెను. రోటవేటరు కత్తులలో కుడివియు ఎడమవియు వేరువేరు. తీసిన చోటనే, తీసిన దిక్కుగానే బిగింపవలెను. బెల్టులను, కత్తులను ముట్టుకొనునపుడు ఇంజను పూర్తిగా ఆగియుండవలెను.

పిడులక్రింది స్టీరింగు క్లచ్చీలను గూర్చి ప్రతి డ్రైవరు ఎరుగవలసిన విషయమొకటి కలదు. చదునున కుడి క్లచ్చి నొక్కిన యంత్రము కుడికి తిరుగును. పల్లమునకు దిగునపుడు అదే క్లచ్చి నొక్కినచో కుడిచక్రము స్వేచ్ఛగా పరుగెత్తి, యంత్రము ఎడమకు తిరుగవచ్చును. కాలువగట్టు దిగునపుడు ఇది ఎరుగనివాడు యంత్రముతో కూడ కాలువలో పడును. కావున గట్టు దిగునపుడు తక్కువ గేరులో, క్లచ్చీలు నొక్కక, పిడులతోనే యంత్రమును మలుపవలెను.

ఏ మార్పులు తగును? ఏవి తగవు?

పాత యంత్రమును బాగుచేసినవారికి దానిని మార్చుకొనవలెనను కోరికయు కలుగును. అది తప్పు కాదు. దమ్మునకు ఇనుప చక్రములు వేయుట, వరుసల వెడల్పునుబట్టి చక్రముల ఎడము సరిచేయుట, బోదెలు తీయు నాగలి తగిలించుట, పుల్లీనుండి నీటిపంపు నడపుట, వీనియందు దోషము లేదు. అయితే త్రిప్పు బెల్టుకు తొడుగు ఉండవలెను.

కూడని మార్పులు మూడు. మొదటిది వేగము పెంచుట. ఇంజను పుల్లీని నాలుగవవంతు పెద్దది చేసినచో, గంటకు 12 కిలోమీటర్లు పోవు బండి 15 కిలోమీటర్లు పోవును. కాని బ్రేకు వేసిన పిదప ఆగుటకు పట్టు దూరము ఒకటిన్నర రెట్లు మించును. బ్రేకులు మాత్రము పాతవే. గవర్నరు మరను కదల్చుటయు ఇట్టిదే. రెండవది, వెనుక గేరులో రోటవేటరు తిరుగకుండ ఆపు ఏర్పాటును తీసివేయుట. వెనుక నడచువాని కాళ్ళమీదికి తిరుగు కత్తులు రాకుండ కాపాడునది ఆ ఏర్పాటే. మూడవది, రోటవేటరు రేకుతొడుగును, బెల్టు తొడుగును తీసి పనిచేయుట.

ఒక గ్రామమున జరిగినది

కొన్ని ఏండ్ల క్రిందట గోదావరి డెల్టాలోని ఒక గ్రామమునకు పోయితిమి. అచ్చటి రైతు సంఘపు టిల్లరును పాత ఇనుముకు అమ్ముటకు నిశ్చయమైనది. పట్టణములో ఆయిలు ఇంజనుల పని నేర్చివచ్చిన ఒక యువకుడు, "సర్పంచిగారూ, రెండు రోజులు నాకివ్వండి" అని కోరెను. తొట్టి అడుగున నీరు, నల్లని మడ్డి, పూడిన ఫిల్టరు, తెగిన ఒక బెల్టు: దోషమంతయు ఇంతే. మూడవ నాడు యంత్రము మ్రోగినది. ఊరంతయు సంతోషించినది.

రోటవేటరు తొడుగు సొట్టపడియుండెను. నాట్ల సమయము మించుచున్నదని, దానిని తరువాత సరిచేయవచ్చునని వేపచెట్టు మొదట ఉంచిరి. పదిదినములు గడచినవి. కత్తులకు చుట్టుకొన్న తుంగను తొలగించుటకు ఒక కూలీ దగ్గరకు పోయెను. ఇంజను ఆపలేదు. అతని కాలు కత్తులలోనికి జారినది. ప్రాణము దక్కినది గాని మూడు వ్రేళ్ళు పోయినవి.

మేము మరల పోయినపుడు సర్పంచిగారు ఆ తొడుగును చూపి ఇట్లనిరి: "యంత్రం చెడివున్నన్నాళ్ళు ఊరికి నష్టమే గాని ఎవరికీ గాయం కాలేదండీ. బాగుచేసిన రోజునే మా బాధ్యత మొదలైందని మాకు ఆలస్యంగా తెలిసింది." ఆ పంచాయతీవారి సూచనపై సంఘము ఒక తీర్మానము చేసినది. తొడుగులు లేనిదే యంత్రము పాక దాటరాదు. ఇంజను ఆపనిదే కత్తులను ముట్టరాదు. ఆ రెండు వాక్యములు నేడు పాక తలుపుమీద ఎఱ్ఱరంగుతో వ్రాసియున్నవి.

పంచాయతీలు చేయదగినది

మీ గ్రామమున మూలబడిన యంత్రములను లెక్కించి, అమ్ముటకు ముందు ఒక మెకానిక్కుచేత పైన చెప్పిన క్రమమున పరీక్ష చేయింపుడు. మరమ్మతు ఖర్చును, ఆ యంత్రము చేయగల పనిని ప్రక్కప్రక్కన వ్రాసి సభలో చదువుడు. గేరుపెట్టె పగిలి ఖర్చు విలువను మించినచో అమ్ముటయే వివేకము. నడపువారికి శిక్షణ అవసరము. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. మండల వ్యవసాయాధికారిని సంప్రదించినచో వివరములు తెలియగలవు. యంత్రమునకు ఒక పుస్తకము పెట్టి, ఆయిలు మార్చిన తేదీ, నడచిన గంటలు, అద్దెకు తీసికొన్నవారి పేరు వ్రాయింపుడు. అద్దెకిచ్చునపుడు తొడుగులను చూచి సంతకము చేయువారు ఒకరుండవలెను.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున మూలబడిన యంత్రములెన్ని? ఒక్కొక్కటి ఏ కారణముచేత ఆగినది?
2. నడచుచున్న యంత్రములలో తొడుగులు లేనివి ఎన్ని? వానిని ఏ తేదీలోపల బిగింపగలము?
3. కాలువగట్టు దిగునపుడు క్లచ్చీల విషయము మన డ్రైవరులలో ఎందరికి తెలియును?
4. యంత్రము పాక దాటుటకు ముందు దానిని చూచి సంతకము చేయు బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నలలో నాలుగవదానికి ఒక మనిషి పేరు జవాబుగా వచ్చిన నాడు, మీ పాత యంత్రము నిజముగా బాగుపడినదని మేము తలంతుము.