పెళ్లికి ముందే చెప్పెయ్, బిడ్డా

కనకమామిడి

బిడ్డా,

నువ్వు నీసు మానేసి ఏళ్లయిందని నాకు తెలుసు. ఇప్పుడు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేశావని, పెళ్లికి పట్టుచీర కట్టనంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది. సంబంధం కుదిరే వేళ ఈ పట్టుదల ఏమిటని ఆమె దిగులు. మన ఇంట్లో నీకన్నా ముందు మాంసం ముట్టకుండా బతికిన దాన్ని నేనొక్కదాన్నే గనుక, నీకు నాలుగు మాటలు చెప్పే పని నా మీద పెట్టింది.

నీ నిర్ణయం మార్చుకొమ్మనడానికి రాయడం లేదు. ఒక ప్రాణం తీయకుండా కడుపు నిండే దారి ఉన్నప్పుడు ఆ దారినే పోవాలనుకోవడం నాకు ఎప్పుడూ సరైనదిగానే తోచింది. నా చింత వేరే. నోరులేని జీవాల మీద నీకు పుట్టిన దయ నిన్ను మనవాళ్లకు దూరం చేయకూడదు. చాలామంది పిల్లల విషయంలో అట్లాగే చేస్తుంది. అది జరగకుండా ఎట్లా బతకాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మన చుట్టూ ఉన్న లెక్క చూడు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన ఎస్‌ఆర్‌ఎస్ సర్వేలో, తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్లని తేలింది. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా అదే ఎక్కువ. రాజస్థాన్‌లో నూటికి దాదాపు 75 మంది శాకాహారులైతే, మన దగ్గర ఒకరో ఇద్దరో. బోనాలకు యాట, పెళ్లికి యాట, మనిషి పోయిన దినాలకూ యాటే. అల్లుడొచ్చిన పూట కోడి కోయకపోతే ఆ ఇంటి మర్యాద పోయినట్టే. అందుకే నువ్వు 'నాకొద్దు' అన్నప్పుడు వడ్డించే చేతికి తననే వద్దన్నట్టు వినిపిస్తుంది. ఎదుటివాళ్లు నొచ్చుకునేది అందుకు. దాన్ని మొండితనం అనుకోకు. 'ముక్క వద్దు పెద్దమ్మా, ఆ పచ్చిపులుసు ఇంకో గరిటె పొయ్యి' అని చూడు. వడ్డించినదాని మనసు కుదుటపడుతుంది. ఏదో ఒకటి అడిగి తినాలి, బిడ్డా. ఖాళీ కంచం ముందు కూర్చుని నీతులు చెప్పేవాళ్లంటే ఎవరికీ ఇష్టం ఉండదు.

'బాపనోళ్ల లెక్క అయినవా?' అని నిన్ను అడుగుతారు. నన్నూ అడిగారు. ఆ మాటకు ఉడుక్కోకు. లోపల మురిసిపోవడం అయితే అసలే వద్దు. మన దేశంలో తిండికి కులం అంటుకుని ఉంది. ఏం తింటావని అడిగి, దాన్నిబట్టి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ గిన్నెలో నీళ్లు పోయాలో తేల్చారు తరతరాలుగా. ఈనాటికీ హైదరాబాద్‌లో 'వెజిటేరియన్లకు మాత్రమే' అని బోర్డు పెట్టే ఇంటి ఓనర్లలో కొందరు ఆ మాట చాటున అడిగేది కులమే. నీకు అట్లాంటి ఇల్లు సులువుగా దొరుకుతుంది. తీసుకోకు. నీ తోటి ఉద్యోగం చేసే పిల్లను పశువు మాంసం తింటుందని రానివ్వని ఇంట్లో, నీ దయకు అర్థం ఏముంటుంది? నీది జీవాల కోసం పెట్టుకున్న నియమం. మడి కాదు. రెండింటినీ కలవనివ్వకు.

శాకాహారం ఒక కులం సొత్తు కాదని మన మట్టే చెబుతుంది. మన మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చెరువు తూము గోడకు రెండు పాత రాతి స్తంభాలు బిగించి కనిపించాయి. 2023లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వాటిని చూసి, తొమ్మిది, పది శతాబ్దాల నాటి జైన స్తంభాలని చెప్పారు. ఒకటి గ్రానైటు, ఒకటి నల్లరాయి. నాలుగు ముఖాల మీద ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు. వాటి మీద తెలుగు-కన్నడ లిపిలో శాసనాలూ ఉన్నాయి. రాష్ట్రకూటులు, వేములవాడ చాళుక్యులు ఏలిన కాలంలో మన చిలుకూరు పెద్ద జైన కేంద్రం. ఇవాళ వీసాల కోసం 108 ప్రదక్షిణలు తిరిగే ఆ ఊళ్లోనే ఒకప్పుడు చీమకు కూడా హాని చేయకూడదని నడిచిన మునులు ఉన్నారు. కరీంనగర్ దగ్గర కురిక్యాల గుట్ట రాతి మీద తెలుగు కంద పద్యాలు చెక్కించిన జినవల్లభుడూ జైనుడే. తెలుగులో మనకు దొరికిన తొలి కందాలు అవే. ఇక వికారాబాద్, తాండూరు వైపు లింగాయత్ ఇళ్లకు వెళ్లి చూడు. కులభేదాన్ని ఎదిరించిన బసవన్న పేరు చెప్పుకునే ఇళ్లు అవి. తరాలుగా అక్కడ మాంసం పొయ్యి ఎక్కలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే ఈ సంగతులు నెమ్మదిగా చెప్పు. వాదనకు కాదు, నీకు ధైర్యానికి.

మన జిల్లాలోనే కడ్తాల్‌లో పిరమిడ్ ధ్యానం వాళ్ల పెద్ద కేంద్రం ఉంది. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన ఉద్యమం అది. వాళ్లు ఊరూరా శాకాహార ర్యాలీలు తీస్తారు. వాళ్ల శ్రద్ధ మీద నాకు గౌరవమే. కానీ ఇంట్లో మనిషి నినాదాలకు మారడం నేను చూడలేదు. రుచికి మారడం చూశాను. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ మీ మామ ఇంట్లో పిల్లలతో సహా అందరూ ఏం తింటారు? పప్పుచారు, చామగడ్డ పులుసు, గుత్తివంకాయ, బబ్బెర గుడాలు. ఎవరూ చిక్కిపోరు. మనవాళ్లకు ఈ వంట కొత్త కాదు, ఏటా చేసేదే.

ఇక పాల సంగతి. ఇక్కడ నీతో కాస్త గట్టిగా మాట్లాడాలి.

ఆ జైనులూ లింగాయతులూ పాలు తాగినవాళ్లే. పాలు, తేనె, తోలు, పట్టు అన్నీ వదిలెయ్యాలన్న సంఘం 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పెట్టుకున్నారు. నువ్వు చదివి తెలుసుకున్నది అబద్ధం కాదని నాకూ తెలుసు. ట్రాక్టర్లు రాకముందు దున్నదూడకు పొలంలో పని ఉండేది. ఇప్పుడు లేదు. పాలివ్వని దూడను ఎవరు సాకుతారు? అమ్మేస్తారు. అది ఎక్కడికి పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నువ్వు అన్నావు. సరే.

కానీ మీ అమ్మ ముందు ఆ మాట అన్న తీరు బాగాలేదు. తెల్లవారకముందే లేచి బర్రెలకు గడ్డి వేసి, పేడ తీసి, పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చిన మనిషి ఆమె. వెన్న శాతం చూసి కట్టిచ్చే ఆ పాలబిల్లే ఆమె చేతికి నేరుగా వచ్చిన డబ్బు. పంట డబ్బు మగవాళ్ల చేతుల మీదుగా, అప్పులోళ్ల చేతుల మీదుగా పోతుంది. నీ హాస్టల్ ఫీజు కట్టింది ఆ పాలబిల్లు. అది తప్పని తేల్చి చెప్పే ముందు, ఆ డబ్బు లేకుండా మీ అమ్మ ఎట్లా బతకాలో కూడా నువ్వే చెప్పాలి. చెప్పగలిగితే చెప్పు, నేను నీ పక్కనే నిలబడతాను. మన చేవెళ్ల వైపు కూరగాయలు, గులాబీలు పండించి నగరానికి పంపి బతికే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. దారి లేదని కాదు. అది చూపించేదాకా మాట మెత్తగా ఉండాలి.

ఇప్పుడు నీ ఒంటి సంగతి. దీంట్లో నిర్లక్ష్యం నేను ఒప్పుకోను. పాలూ పెరుగూ కూడా మానినవాళ్లకు బి12 తిండిలో దొరకదు. అంబలి పులిస్తే వస్తుందని, ఏదో ఆకులో ఉందని ఎవరు చెప్పినా నమ్మకు. రోజుకు కావలసింది సుమారు రెండు మైక్రోగ్రాములే, కానీ అది లేకపోతే నెమ్మదిగా నరాలు దెబ్బతింటాయి, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కుతాయి, రక్తం తగ్గుతుంది. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ చెప్పిన మాత్ర వేసుకో. ఆ మందు సూక్ష్మజీవులతో తయారయ్యేది, నీ నియమానికి అడ్డు రాదు. కాకపోతే గొట్టం మాత్రల తొడుగు చాలావరకు జెలటిన్, అంటే పశువుల ఎముకలు, తోలు నుంచి తీసింది. బిళ్ల రూపంలో ఉన్నది అడుగు. ఎప్పుడైనా జబ్బు చేసి గొట్టం మాత్ర తప్ప వేరే దారి లేదంటే అదే మింగు. ప్రాణం మీదికి తెచ్చుకోవడం అహింస కాదు.

మిగతావి మన నేలలోనే ఉన్నాయి. మనిషి బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని ఐసీఎంఆర్, మన తార్నాక ఎన్ఐఎన్ వాళ్లు చెబుతారు. వంద గ్రాముల కందిపప్పులో 21 గ్రాముల పైనే ఉంటుంది. మన రోడ్డు పట్టుకుని పడమరగా పోతే వచ్చే తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. అంతకన్నా మంచి పప్పు ఎక్కడ దొరుకుతుంది? రాగుల్లో వంద గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. నువ్వులూ అందులో తక్కువేం కావు, నువ్వుల పొడి రోజూ అన్నంలో కలుపుకో. పుంటికూర, గంగవాయిలి, తోటకూర మానకు, మీద నిమ్మకాయ పిండు. ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాత్రం మానెయ్, ఆ ఇనుము కాస్తా పోతుంది. నగరంలో అమ్మే ఖరీదైన మొక్కల పాల డబ్బాలు, నకిలీ మాంసం ముక్కలు నీకు అక్కర్లేదు. జొన్నరొట్టెలో, పల్లీల పచ్చడిలో, పచ్చిపులుసులో పాలచుక్క లేదు.

దుకాణంలో ఆకుపచ్చ చుక్క చూసి నిశ్చింతగా ఉండకు. ఆ గుర్తు ఉన్నా పాలు, తేనె, లక్క ఉండొచ్చు. గోధుమరంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. పూర్తిగా జంతుపదార్థం లేనివాటికి 2022 నియమాల కింద ఆకు ఉన్న 'వి' గుర్తు వేరే పెట్టారు. పదార్థాల పట్టీలో చీమంత చిన్న అక్షరాల్లో 120 అని ఉంటే పురుగుల నుంచి తీసిన ఎర్ర రంగు, 904 అంటే లక్క. ఇవి ఒకసారి తెలిస్తే చాలు. రోజూ భూతద్దం పట్టుకుని కూర్చోవద్దు.

అసలు మాట పెళ్లి గురించి. పట్టు వద్దంటే వద్దు, ఎవరి ఒత్తిడికీ కట్టకు. మధుపర్కాలు నూలువే కదా. నారాయణపేట నూలుచీర, సిద్దిపేట గొల్లభామ చీర పెళ్లికూతురికి ఏం తక్కువ? మీ అమ్మకు పట్టు మెరుపే కావాలంటే, పురుగును ఉడికించకుండా, అది రెక్కలు వచ్చి గూడు చీల్చుకుని ఎగిరిపోయాక ఆ గూళ్లతో నేసే అహింసా పట్టు ఉంది. దాన్ని తయారు చేసింది మన తెలంగాణ మనిషే, చేనేత రంగంలో పనిచేసిన కుసుమ రాజయ్య. మామూలు పట్టంత నిగనిగలాడదు, ధర ఎక్కువ. నీ మాటా, మీ అమ్మ కోరికా రెండూ నిలుస్తాయి.

విందు దగ్గర మాత్రం పంతం పట్టొద్దు. పెళ్లిపూట శాకాహారం, మర్నాడు దావత్ అనేది మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. ఆ దావత్ నీ అత్తగారి ఇంటిది. దాన్ని ఆపమని అడగకు, అందులో తినకు. పెళ్లిపూట వంట మాత్రం నూనెతో చేయిద్దాం, పరమాన్నం కొబ్బరిపాలతో. ఎవరికీ తేడా కూడా తెలియదు.

అంతకన్నా ముఖ్యం, నిశ్చితార్థానికి ముందే ఆ అబ్బాయికీ వాళ్ల అమ్మకూ మూడు మాటలు చెప్పాలి. నువ్వు ఏమేం తినవో ఒకటి. వాళ్లు తింటే నీకు అభ్యంతరం లేదన్నది రెండు. మూడోది, నువ్వు వాళ్లకు మాంసం వండుతావా, వండవా. అందరూ దాటేసే మాట అదే, ఇళ్లు విడిపోయేదీ ఆ మాట దగ్గరే. పెళ్లయ్యాక మొదటి ఆదివారం కోడిని తెచ్చి కోడలి చేతికిచ్చినప్పుడు ఏడిస్తే ఎవరికీ మేలు లేదు. వండలేనంటే వండలేనని చెప్పు, బదులు ఇంకే పని చేస్తావో కూడా చెప్పు. నాకు మా అత్త ఒక పొయ్యి వేరే పెట్టి ఇచ్చింది, ఆమె మాంసం ఆమె వండుకుంది, బోళ్లు ఇద్దరం కలిసి తోముకున్నాం. 'పెళ్లయితే అదే మారుతుందిలే' అని వాళ్లు నవ్వితే, ఆ నవ్వును తేలిగ్గా తీసుకోకు. అబ్బాయి ఏమంటాడో చూడు. అతను నీ పక్షాన ఒక్క మాటైనా అనకపోతే, మనం తొందరపడక్కర్లేదు.

ఒంటరిగా పోయి చెప్పనక్కర్లేదు. మీ అమ్మను ఒప్పించే పని నాది. తారీఖు నువ్వు చూసి చెప్పు, వాళ్లింటికి నేనూ వస్తాను. వచ్చేటప్పుడు రెండు కిలోల తాండూరు కందిపప్పు తెస్తాను, వాళ్లకొకటి, నీకొకటి.

నీ పెద్దమ్మ