దావీదు త్రాగని నీళ్లు

చదువవలసిన భాగము: 2 సమూయేలు 23:13-17



అది కోతకాలము. దావీదు అదుల్లాము గుహలో నుండెను. ఫిలిష్తీయుల సేన రెఫాయీము లోయలో దిగియుండెను. వారి కావలివారు బేత్లెహేములోనే యుండిరి. బేత్లెహేము దావీదు సొంత ఊరు. ఊరిబావి నీళ్లు జ్ఞాపకమునకు వచ్చి, అవి దొరికిన బాగుండునని అతడు పైకి అనెను. ఎవరినిని పొమ్మనలేదు. అది దాహముగొన్నవాని నిట్టూర్పు మాత్రమే. అయినను ముగ్గురు బలాఢ్యులు ఆ మాట విని, శత్రువుల నడుమ చొరబడి, ఆ నీళ్లు చేది తెచ్చిరి. గుహ యుండెనని యెంచబడు స్థలమునుండి బేత్లెహేమునకు దాదాపు 20 కిలోమీటర్లు.

స్వార్థము ఎల్లప్పుడు చెడు తలంపుతోనే రాదు. మనము ఆలోచింపక అన్న మాటకు మరియొకరి కాళ్లు నడువవలసి వచ్చును.

మా సంగతియే చెప్పుదుము. ఒక వేసవి మధ్యాహ్నము ఒక విధవరాలి యింటికి దర్శనమునకు వెళ్లి, "కాస్త మజ్జిగ ఉంటే ప్రాణము లేచివచ్చునమ్మా" అంటిమి. ఆమె చెంబుతో తెచ్చెను. త్రాగి, మరికొంత అడిగి పుచ్చుకొంటిమి. కుండలో ఏమి మిగిలెనో అడుగలేదు. ప్రార్థనచేసి బయలుదేరుచుండగా ఆమె మనుమడు, "అయ్యగారూ, రాత్రి నా అన్నంలోకి మజ్జిగ లేదు" అనెను. వాని మాటలో నిష్ఠూరము లేదు, ఉన్నది చెప్పెను. అవ్వ వానిని గద్దించి తల వంచుకొనెను. మాకు మాట రాలేదు.

దావీదు మనవలె కాక, నీళ్లు చేతికి రాగానే వాటి వెల ఎరిగెను. అవి ఆ మనుష్యుల ప్రాణముతో సమానమని యెంచి, త్రాగనొల్లక, ప్రభువు సన్నిధిని పారబోసెను. అది వారి శ్రమను తృణీకరించుట కాదు. అంత గొప్ప కానుక దేవునికే తగునని ఒప్పుకొనుట.

మనము పారబోయ నక్కరలేదు. పెట్టినది ముట్టకపోయిన పెట్టినవారు నొచ్చుకొందురు. అయితే వెల ఎరిగి పుచ్చుకొనవలెను. అందరికి వడ్డించి కడపట మిగిలినది తిను తల్లి, తన చదువు మాని తమ్ముని చదివించిన అన్న, ఆదివారము మనకంటె ముందు వచ్చి గుడి ఊడ్చి చాపలు పరచు సహోదరి, వీరెవరును మనలను ఏమియు అడుగరు. ఆ ముగ్గురి పేళ్లు మనము చదివిన భాగములో లేవు. వీరి పేళ్లను మనమును ఎత్తము.

కావున ఈ నెలలో రెండు పనులు చేయుదము. కోరిక పైకి అనకముందు, దానికై ఎవరు నడువవలెనో తలంచుదము. పుచ్చుకొన్నప్పుడు, చేసినవారి పేరు పెట్టి, చేసిన పని చెప్పి, వందనములు చెప్పుదము.

మేము మరునాడు పెరుగు తీసికొని ఆ యింటికి వెళ్లితిమి. బాలుని ప్రక్కను కూర్చుండి, నిన్న త్రాగినది వాని వంతని ఒప్పుకొంటిమి. ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.