బుజ్జితల్లికి

గుడివాడ

బుజ్జితల్లీ,

నువ్వు నా చిరునామాకు తెప్పించిన చీటీ నిన్న అందింది. పట్టాభి సీతారామయ్య గారి సంతకమని చూసి మురిసిపోయాను. మరుక్షణమే ప్రాణం ఉసూరుమంది. ఎవరో ఉత్తరం అడుగున సంతకం మేరకు కత్తిరించి అమ్మారు! 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెడుతున్నప్పటిదా, 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోసు చేతిలో ఓడినప్పటిదా? ఇక ఎవరు చెప్పగలరు? సంతకం ఒక్కటే చూసి ఎందుకు కొన్నావే? సరేలే, తిట్టనులే. ఇకమీదట మాత్రం ముక్క కొనకు. ఉత్తరం మొత్తం ఉండాలి, కవరుతో సహా. ఊరికీ తేదీకీ ఆ తపాలా ముద్రే సాక్ష్యం.

మీ అమెరికాలో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన 56 మందివీ పోగుచేస్తారని రాశావు. 1777లోనే ద్వంద్వయుద్ధంలో పోయిన బటన్ గ్విన్నెట్ సంతకానికి అందుకేగా అంత ధర! ఆ పిచ్చి నీకొద్దమ్మా. గాంధీగారు హరిజన నిధికి 5 రూపాయలు పుచ్చుకుని సంతకం చేసేవారు. ఆ సంతకం ఎంత విలువైనదైనా, ఆయన స్వయంగా రాసిన కార్డు ముక్క చెప్పినన్ని సంగతులు చెప్పదు. కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాసేవారు కూడా. దస్తూరీ తేడాగా ఉందని తొందరపడి నకిలీ అనేయకు, నిజమనీ నమ్మేయకు. తెలిసినవాళ్ళకు చూపించు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా నాన్నతో దివిసీమ వెళ్ళాను. మనవాళ్ళింట్లో ట్రంకుపెట్టె తెరిస్తే తాతల నాటి ఉత్తరాలన్నీ బురదముద్ద. మనుషులే పోయిన ఇంట్లో కాగితాల కోసం ఏడవడానికి నోరు రాలేదు. ఈ డెల్టాలో నీళ్ళకూ చెదలకూ దక్కకుండా మిగిలిన ఉత్తరమంటే నాకందుకే అంత ఆశ.

లామినేషన్ చేయించకు. సెల్లోటేపు అసలే వద్దు, మరక ఎప్పటికీ పోదు. ఏదైనా రాసుకోవాలంటే విడి కాగితం మీద రాసుకో. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. 75 ఏళ్ళు దాటిన చారిత్రక పత్రాన్ని దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం చెబుతోంది. నీ సూట్‌కేసులో పెట్టనివ్వను. ఇక్కడే, నా బీరువాలో నీ పేరుమీదే ఉంటుంది.

సంక్రాంతికి రా. బందరులో పాత ఇళ్ళవాళ్ళను కలుద్దాం. ఉత్తరాలు ఇవ్వమని బతిమాలకు. ఫోటో తీసుకుని, ఎవరికి ఎందుకు రాశారో అడిగి రాసుకో. అది చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆలస్యం చేయకు.

మీ మావయ్య