సముద్రం చూసి వచ్చాక మన నౌకాదళం గురించి



సంక్రాంతి సెలవులకు ముందు మన స్కూలు నుంచి విజ్ఞాన యాత్రకు విశాఖపట్నం తీసుకెళ్ళారు కదా. బస్సులో చోటు చాలక సగం మంది ఉండిపోయారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సోషల్ మేడమ్ గారు "మరిచిపోక ముందే రాసెయ్యి, నీకు రెండు చార్టులు ఇస్తాను" అన్నారు. పక్కన సబ్‌మెరైన్ బొమ్మ వేసింది 8వ తరగతి చెల్లి. నా అక్షరాలు కిందకి జారిపోతాయి, ఏమీ అనుకోకండి.

మా ఊళ్ళో నీళ్ళు అంటే గెడ్డ. వానాకాలం మోకాలు దాటి వస్తుంది, ఎండాకాలం చెలమ తవ్వాలి. ఇంట్లో మేము కువి మాట్లాడతాము. సముద్రాన్ని మన మాటలో ఏమంటారు అని మా అవ్వని అడిగితే చాలాసేపు ఆలోచించి "పెద్ద నీళ్ళు" అంది. ఆమె చూడలేదు. నేను చూసినప్పుడు మొదట భయం వేసింది, ఎందుకంటే అవతలి గట్టు లేదు. గట్టు లేని నీళ్ళలో మనుషులు నెలల తరబడి ఉండి పని చేస్తారు అంటే నమ్మకం కలగలేదు. అటువంటి పని చేసేవాళ్ళ దళమే నౌకాదళం, అనగా నేవీ. మన దేశానికి తూర్పు వైపు నౌకాదళానికి ముఖ్య కేంద్రం మన విశాఖపట్నమే. తూర్పు నౌకాదళ కమాండ్ అంటారు. 1968లో ఏర్పడింది.

బీచి రోడ్డులో ఇసక మీద ఐ.ఎన్.ఎస్. కుర్సురా అనే సబ్‌మెరైన్ ఉంది. తెలుగులో జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. మన డార్మెటరీలు మూడు వరసగా పెట్టినా అంత ఉండదు అనుకుంటాను. ఇది సోవియట్ రష్యాలో తయారయింది. 1969 డిసెంబరు 18న మన నేవీలో చేరి, 2001 ఫిబ్రవరి 27న రిటైరయింది. 2002 నుంచి మ్యూజియం. లోపలికి వెళ్ళాలంటే గుండ్రటి కన్నాల్లోంచి వంగి దూరాలి. మన వంట ఆయా అయితే దూరలేదు (నవ్వుతుంది లెండి, ఆమెకి చదివి వినిపించాకే రాశాను).

ఇనుము నీళ్ళలో మునిగిపోతుంది కదా, మరి ఇది ఎలా తేలుతుంది, కావాలన్నప్పుడు ఎలా మునుగుతుంది? ఇది ఫిజికల్ సైన్సు పాఠంలో ఉన్నదే, కానీ నాకు అక్కడే అర్థమయింది. గెడ్డలో ఖాళీ బిందె పెడితే తేలుతుంది. వంచి నీళ్ళు పోయించుకుంటే బరువెక్కి కిందకి పోతుంది. సబ్‌మెరైన్ కి చుట్టూ అలాంటి పెద్ద తొట్లు ఉంటాయి. వాటిని బల్లాస్ట్ ట్యాంకులు అంటారు. వాటిలోకి సముద్రం నీరు వదిలితే మునుగుతుంది. పైకి రావాలంటే, బాగా ఒత్తిడితో సీసాల్లో కూరి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి వదులుతారు. ఆ గాలి నీళ్ళను బయటకు తోసేస్తుంది. బిందె మళ్ళీ ఖాళీ అయినట్టే. అందుకని లోపల ఎక్కడ చూసినా పైపులు, తిప్పే చక్రాలే. ఏ చక్రం దేనికో చీకట్లో కూడా చేతితో తడిమి చెప్పగలిగితేనే పనిలోకి తీసుకుంటారని, అక్కడ చూపించిన ఆయన చెప్పారు. ఆయన నేవీలో చేసి రిటైరయినారు.

నీటిపైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజను నడుస్తుంది. ఇంజనుకు గాలి కావాలి కాబట్టి నీటి కింద అది పనికిరాదు. అప్పుడు బ్యాటరీలతో నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే మళ్ళీ పైకి రావాలి. అప్పుడే శత్రువుకు దొరికే ప్రమాదం. లోపల డెబ్భై మందికి పైగా ఉండేవారు. మంచి నీళ్ళు కొలిచి వాడాలి, స్నానం అనేది రోజూ ఉండదు. పడుకునే బల్లలు ఒకదాని మీద ఒకటి, మనం డార్మెటరీలో ఇద్దరం ఒక దుప్పటి కప్పుకున్నట్టే ఇరుకు. మేము చూస్తుంటే మా క్లాసు అమ్మాయి ఒకతె "ఏటి, మన హాస్టలే నయం" అంది.

ఓడ మీద రోజు ఎలా గడుస్తుందో అడిగాను. అక్కడ కూడా గంట ఉంటుంది. మనకి రైలు పట్టా ముక్క కొడతారు, వాళ్ళకి ఇత్తడి గంట. పూర్వం నుంచి వచ్చిన పద్ధతి ఏమిటంటే, నాలుగు గంటల డ్యూటీని ఒక వాచ్ అంటారు. వాచ్ మొదలైన అరగంటకు ఒక దెబ్బ, గంటకు రెండు, గంటన్నరకు మూడు, అలా పెరిగి నాలుగు గంటలకు ఎనిమిది దెబ్బలు. ఎనిమిది కొట్టారంటే వేరే వాళ్ళు వచ్చి దిగుతారు.

ఇందులో ఒక చిన్న తెలివి ఉంది, నాకు చాలా నచ్చింది. 24 గంటలను నాలుగుతో భాగిస్తే 6 వాచీలు రావాలి. అలా చేస్తే రెండు జట్లయినా మూడు జట్లయినా రోజూ అదే జట్టుకు అర్ధరాత్రి డ్యూటీ పడుతుంది. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వాచ్ ను రెండు ముక్కలు చేసి 4–6, 6–8 అని పెట్టారు. అప్పుడు మొత్తం 7 అవుతాయి. 7ను రెండుతో గాని మూడుతో గాని భాగిస్తే శేషం మిగులుతుంది కదా. ఆ శేషం వల్ల డ్యూటీ రోజూ జరుగుతూ ఉంటుంది, ఎవరికీ అన్యాయం ఉండదు. మన బాత్రూములు కడిగే డ్యూటీ ఎప్పుడు చూసినా 9వ తరగతికే ఆదివారం పడుతోంది. వార్డెన్ మేడమ్ గారు ఈ లెక్క ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను.

ఓడ వేగాన్ని నాట్ లలో చెబుతారు. నాట్ అంటే ముడి. పూర్వం తాడుకి సమాన దూరాల్లో ముడులు వేసి, చివర చెక్క కట్టి నీళ్ళలో వదిలేవారు. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారాయో అదే వేగం. ఇప్పుడు ఒక నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. ఓడకు ఎడమ వైపు ఎర్ర దీపం, కుడి వైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. రాత్రి ఎదురుగా వచ్చే ఓడ ఎటు తిరిగి ఉందో ఆ రంగులను బట్టే తెలుస్తుంది.

ఇక చరిత్ర. బీచిలోనే 1971 యుద్ధం గుర్తుగా ఒక స్తూపం ఉంది. ఆ సంవత్సరం పాకిస్తాన్ తో యుద్ధం వచ్చినప్పుడు వాళ్ళ సబ్‌మెరైన్ ఘాజీ మన విక్రాంత్ అనే విమానాల ఓడను ముంచడానికి విశాఖ దాకా వచ్చింది. కానీ విక్రాంత్ ను ముందుగానే అండమాన్ వైపు పంపించేశారు. అప్పటి తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీ మునిగిపోయింది. మన ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ నీళ్ళలో వేసిన బాంబుల వల్ల అని మనవాళ్ళు, అది పరిచిన మందుపాతరే దానికి తగిలిందని పాకిస్తాన్ వాళ్ళు అంటారు. లోపల 90 మందికి పైగా ఉన్నారు. ఒక్కరు కూడా బతకలేదు. డిసెంబరు 4 రాత్రి మన చిన్న మిస్సైల్ పడవలు నిపత్, నిర్ఘాత్, వీర్ కరాచీ దగ్గరకు వెళ్ళి దాడి చేశాయి. అందుకే డిసెంబరు 4 నేవీ దినోత్సవం. ఐదు రోజుల తరువాత, డిసెంబరు 9న మన ఖుక్రీ ఓడను వాళ్ళ సబ్‌మెరైన్ ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారు ఓడను వదలకుండా దానితోనే వెళ్ళిపోయారు. 194 మంది చనిపోయారు. కుర్సురా లోపల తిరిగి వచ్చాను కాబట్టి ఘాజీ వాళ్ళ గురించి కూడా నాకు బాధ వేసింది. ఆ కన్నంలోంచి ఎలా బయటకి వస్తారు?

మన పుస్తకంలో రెండు లైన్లే ఉన్న ఇంకొక సంగతి ఉంది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకా శిక్షణ కేంద్రంలో మన నావికులు తిండి మానేశారు. అప్పుడు నేవీ బ్రిటిష్ వాళ్ళది. పెట్టే అన్నం బాగోలేదు, తెల్ల అధికారులు తిట్టేవారు, ఒకే పనికి తెల్లవాళ్ళకు ఒక జీతం మనవాళ్ళకు ఒక జీతం. మొదట అన్నం గురించే గొడవ. రెండు మూడు రోజుల్లో 78 ఓడలకు, 20,000 మందికి పాకింది. కరాచీ, కలకత్తా, మద్రాసు, మన విశాఖ కూడా. బొంబాయిలో మిల్లు కూలీలు వాళ్ళకు మద్దతుగా పని ఆపారు. వీధుల్లో కాల్పులు జరిగి 200 మందికి పైగా జనం చనిపోయారు. సర్దార్ పటేల్ మొదలైన నాయకులు చెప్పిన మీదట 23న నావికులు లొంగిపోయారు. చాలామందిని ఉద్యోగంలోంచి తీసేశారు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా మళ్ళీ తీసుకోలేదు. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు. మేడమ్ గారు, అన్నం సంగతి రాశానని వేరేగా అనుకోవద్దు. మన సాంబారు ఈ మధ్య బాగానే ఉంటోంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మనం చేరగలమా?

మన నేవీ అధికారులుగా ఆడవాళ్ళను 1992లో మొదటిసారి తీసుకుంది. చాలా ఏళ్ళు ఎక్కువగా ఒడ్డు మీద పనులే ఇచ్చేవారు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ ఆడ అధికారులు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజులు. వర్తికా జోషి గారు నాయకురాలు. ఆ ఆరుగురిలో పి. స్వాతి గారు విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటి గారు హైదరాబాదు. విజయాదేవి గారు మణిపూర్ కొండల రాష్ట్రం నుంచి. పడవ పొడవు 17 మీటర్లు, అంటే మన స్టేజీకి కొంచెం ఎక్కువ. దాని మీద హార్న్ అగ్రం దాటారు, గాలివానల్లో. తారిణి అనేది ఒడిశా గంజాంలో కొండ మీద ఉన్న తారాతారిణి అమ్మవారి పేరు. కొండ మీది అమ్మవారి పేరు సముద్రం పడవకు పెట్టారు, చూశారా!

2022 నుంచి నావికులుగా చేరాలంటే అగ్నివీర్ పద్ధతి. అందులో ఆడపిల్లలు కూడా ఉన్నారు. మొదటి జట్టు 2023 మార్చిలో ఒడిశాలోని చిల్కా శిక్షణ కేంద్రం నుంచి బయటకి వచ్చింది. పదో తరగతితో ఒక రకం (వంట, సరఫరా, శుభ్రత పనులు), ఇంటర్ లో లెక్కలు, ఫిజిక్స్ ఉంటే ఇంకొక రకం (ఇంజను, రాడార్, కరెంటు పనులు). మొదటి సంవత్సరం నెలకు 30,000 జీతం, అందులో కొంత దాచి చివర్లో ఇస్తారు. నాలుగేళ్ళే. నూటికి 25 మందికి మించి ఉంచరు. మిగిలినవాళ్ళకు పింఛను ఉండదు. ఇది తెలిసే వెళ్ళాలి. పరీక్ష కంప్యూటర్ మీద, ఇంగ్లీషు, హిందీల్లో. తెలుగులో ఉండదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయిన మనకు ఇది మూడోది. ఆడపిల్లలు 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. ఇది మాత్రం మనకి కష్టం కాదు, పీఈటీ సార్ ని అడగండి. ఇంకొకటి, పెళ్ళి కాకుండా ఉండాలి. ఈ నిబంధన నేను మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

ఈ వివరాలు నాకు చెప్పింది మా పెద్దనాన్న కొడుకు, మా అన్న. బీచిలో మమ్మల్ని చూడడానికి వచ్చి అందరికీ ముంత కింద పప్పు కొనిపెట్టాడు. రెండేళ్ళ కిందట అన్న నేవీ పరీక్షకు వెళ్ళాడు. పరుగు ఆరున్నర నిమిషాల లోపే అయిపోయింది. కాగితాలు చూసే దగ్గర ఆపేశారు. పదో తరగతి మార్కుల లిస్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్ లో ఒక్క అక్షరమే ఉంది, పైగా పుట్టిన సంవత్సరం తేడా. అన్న పుట్టిన రోజు ఇంట్లో ఎవరికీ తెలియదు, చేర్చిన రోజు బళ్ళో ఒకటి రాశారు, ఆధార్ తీసిన ఆయన ఇంకొకటి రాశాడు. సరిచేయించుకోడానికి ఘాట్ రోడ్డు ఎక్కి దిగి తిరిగేసరికి గడువు తేదీ దాటిపోయింది. తరవాతి సారికి వయసు దాటింది. ఇప్పుడు విశాఖలోనే ఒక హోటల్లో పని చేస్తున్నాడు. ఆదివారం బీచికి వచ్చి ఓడలు చూస్తాడట. "పరిగెట్టడం కాదు చెల్లీ, ముందు నీ పేరు చూసుకో" అన్నాడు.

మన తొమ్మిదో తరగతి వాళ్ళకు వచ్చే ఏడాది పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపుతారు. అప్పుడు ఏది రాస్తే జీవితాంతం అదే. కాబట్టి తిరిగి వచ్చిన మర్నాడే నేను నా ఆధార్, అడ్మిషన్ రిజిస్టరు, కుల ధ్రువపత్రం మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటిలో ఒకలాగే ఉంది, మూడోదాంట్లో నా పేరులో ఒక దీర్ఘం ఎక్కువ ఉంది. మా గదిలో పన్నెండు మందిమి చూసుకుంటే అయిదుగురివి కలవలేదు. ఒకతెకి నాన్న పేరే వేరేగా ఉంది. హెచ్.ఎం. గారికి చెప్పాము. సోమవారం అందరూ అర్జీలు రాసి తెమ్మన్నారు. అర్జీ ఎలా రాయాలో తెలియని వాళ్ళు శనివారం స్టడీ అవర్ లో నా దగ్గరకు రండి, తెల్ల కాగితం మీరే తెచ్చుకోండి.

– 9వ తరగతి, బి సెక్షన్