సీసా మీద లేబులు చదువుదాం



మీరు అక్షరాలు నేర్చుకున్నారు. బస్సు బోర్డు చదువుతున్నారు. రేషను కార్డులో పేరు చూసుకుంటున్నారు. ఈ పాఠంలో సీసా మీద అంటించిన కాగితం చదువుదాం. దాన్ని లేబులు అంటారు.

ఏ సీసా? అంగడిలో అమ్మే 'శక్తినిచ్చే' సీసా.

హిందూపురం మండీలో హమాలీలు పొద్దంతా మూటలు మోస్తారు. ధర్మవరంలో నేతపనివాళ్లు రాత్రి దాకా మగ్గం గుంతలో కూర్చుంటారు. పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో డ్రైవర్లు రాత్రంతా లారీలు నడుపుతారు. వీళ్లందరికీ ఒళ్లు అలుస్తుంది. నిద్ర ముంచుకొస్తుంది. అలాంటివాళ్ల కంటికి ఈ సీసా ఆశగా కనపడుతుంది. దాని మీద పచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. 'మూలికలు', 'హెర్బల్', 'సహజం' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. లోపల ఏముందో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వదిన, మరదలు

ధర్మవరంలో ఒక ఇంట్లో ఇలా మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

"ఏం వదినా, ఇంత పొద్దుపోయినా మగ్గం చప్పుడు ఆగలేదే?"

"యాడ ఆగుతుంది? చీర శనివారం లోపల దించాల. మీ అన్న ఇంకా నేస్తానే ఉండాడు."

"ఈ సీసాలు ఏందివి? మూలన ఇన్ని పడుండాయి?"

"మూలికల నీళ్లంట. తాగితే నిద్ర రాదు. సీసా ఇరవై రూపాయలు. ముందు ఒకటి తాగేవాడు. ఇప్పుడు దినానికి రెండు కావాల."

"తాగకపోతే?"

"తలకాయ నొప్పంటాడు. ఊరికే కసురుకుంటాడు. పొద్దున చెయ్యి ఆడదు."

"వదినా, దీని మీద ఏం రాసుండాదో చూసినావా?"

"మూలికలే కదా, ఏమైతాది అనుకున్న్యా."

ఈ మాట దగ్గర మనం ఆగాలి. 'మూలికలే కదా, ఏమవుతుంది?' పొగాకు కూడా ఆకే. గంజాయి కూడా ఆకే. నల్లమందు గసగసాల చెట్టు కాయ నుంచి వచ్చే పాలే. ఉమ్మెత్త కూడా చెట్టే. చెట్టు నుంచి వచ్చిందంతా మంచిది కాదు. ఎంత తాగుతున్నాం, ఎందుకు తాగుతున్నాం అనేది ముఖ్యం.

కెఫీన్ అంటే ఏమిటి?

కాఫీలో, టీలో ఉండే ఒక పదార్థం పేరు కెఫీన్. అది నిద్రను ఆపుతుంది. శక్తి పానీయాల్లో ఎక్కువగా పనిచేసేది ఇదే. కొన్ని సీసాల మీద 'గ్వారానా' అని ఉంటుంది. గ్వారానా బ్రెజిల్ దేశపు అడవుల్లో పెరిగే తీగ. దాని గింజల్లో కాఫీ గింజల కన్నా ఎక్కువ కెఫీన్ ఉంటుంది. పేరు మూలికది, పని కెఫీన్‌ది.

కెఫీన్ శక్తి ఇవ్వదు. అలసటను దాచిపెడుతుంది. ఎద్దుకు మేత వేయకుండా చర్నాకోలతో కొడితే ఏమవుతుంది? కొంచెంసేపు పరుగెడుతుంది. తర్వాత కూలబడుతుంది. ఇదీ అంతే. ఒంటికి నిజమైన శక్తి సంగటి, పప్పు, గుడ్డు, శనక్కాయలు ఇస్తాయి. నిద్ర ఇస్తుంది.

రోజూ తాగితే ఒళ్లు కెఫీన్‌కు అలవాటు పడుతుంది. మానేసిన 12 గంటల నుంచి 24 గంటల లోపల తలనొప్పి మొదలవుతుంది. చిరాకు, నీరసం వస్తాయి. ఈ బాధ వారం దాకా ఉండొచ్చు. మళ్లీ ఒక సీసా తాగితే నొప్పి పోతుంది. 'చూశావా, మందు పనిచేసింది' అనుకుంటాం. నిజానికి ఆ నొప్పి తెచ్చింది ఆ సీసానే!

ఎక్కువైతే గుండె దడ వస్తుంది. చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. బి.పి. పెరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకునే గర్భిణులు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అరిష్టంలో ఏముంటుంది?

ఆసవాలు, అరిష్టాలు ఆయుర్వేద మందులు. మూలికల కషాయంలో బెల్లం వేసి పులియబెడతారు. పులిసినప్పుడు అందులో ఆల్కహాలు దానంతట అదే పుడుతుంది. చాలా సీసాల మీద నూటికి 5 నుంచి 10 పాళ్లు ఆల్కహాలు అని రాసి ఉంటుంది. బీరులో ఉండేది కూడా ఇంచుమించు అంతే.

వైద్యుడు చెప్పినట్టు కొన్ని చెంచాలు, నీళ్లు కలిపి తాగితే అది మందు. గ్లాసులో పోసుకుని రోజూ తాగితే అది మత్తు. బలానికని బాలింతలకు, పిల్లలకు అడగకుండా పోయకూడదు.

చెప్పకుండా కలిపితే?

ఒక జరిగిన సంగతి వినండి. కల్లు చెట్టు నుంచి వస్తుంది. కానీ తెలంగాణలో చాలా చోట్ల కల్తీ కల్లులో నిద్రమాత్రల మందులు కలిపేవారు. డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వాటి పేర్లు. తాగేవాళ్లకు ఆ సంగతి తెలియదు. కల్లు సీసాకు లేబులు ఉండదు కదా! 2015లో ప్రభుత్వం కల్తీని కట్టడి చేసింది. ఒక్కసారిగా మత్తు ఆగిపోయింది. కూలినాలి చేసుకునే ఆడవాళ్లు, మగవాళ్లు వణుకుతో, మూర్ఛలతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల నిండిపోయింది.

ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి: లోపల ఏముందో తెలియనిది తాగకూడదు. రెండు: ఇలాంటి మత్తుకు అలవాటైన మనిషి చేతిలోది ఒక్కసారిగా లాక్కోకూడదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

'మూలికల మందు' అని అమ్మే కొన్నిటిలో కూడా లేబులు మీద రాయని ఇంగ్లీషు మందులు బయటపడ్డాయి. మగవాళ్ల 'బలం' కోసం అమ్మే సరుకులో ఇది ఎక్కువ. అమెరికా మందుల శాఖ అలాంటి సరుకుల మీద ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. గుండె జబ్బుకు మందు వాడే మనిషికి అది ప్రాణం మీదికి తేవచ్చు.

లేబులు మీద ఏం ఉండాలి?

ఆహార చట్టం 2006లో వచ్చింది. దాని కింద పెట్టిన నియమాల ప్రకారం కెఫీన్ పానీయంలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల లోపలే కెఫీన్ ఉండాలి. రోజుకు 500 మిల్లీలీటర్లకు మించి తాగకూడదని రాయాలి. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మంచిది కాదని రాయాలి.

ఆయుర్వేద మందు మీద ఏ మూలిక ఎంత వేశారో రాయాలి. తయారుచేసినవాళ్ల చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ ఉండాలి. నల్లమందు, గంజాయి, ఉమ్మెత్త లాంటి విష మూలికలు కలిసిన మందు అయితే 'వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి' అని హెచ్చరిక ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో ఉండాలని నియమం. ఆహార పదార్థాల లేబులు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఉంటే చాలు. తెలుగులో కూడా రాయొచ్చు. కానీ రాసి తీరాలని లేదు. అందుకే పొగడ్త తెలుగులో కనబడుతుంది. హెచ్చరిక మనకు రాని భాషలో ఉండిపోతుంది.

మరి మనం ఏం చేయాలి? అంకెలు చదవాలి. అంకెలు మనకు వచ్చు. అవి ఇంగ్లీషు లేబులు మీదా అవే.

1. తేదీలు చూడండి. గడువు దాటిందా?
2. ఆహార పానీయం అయితే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. లెక్కపెట్టండి.
3. నూటికి ఎంత ఆల్కహాలు అని ఉందో చూడండి.
4. ఏ నంబరూ, ఏ చిరునామా లేకపోతే కొనకండి.
5. మిగతాది బడికి పోయే పిల్లల చేత, ఆశా కార్యకర్త చేత చదివించుకోండి. సిగ్గుపడకండి.

చదువు చేసిన పని

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ చదివారు. అందులో సారా వల్ల కూలిన సంసారం ఉంది. అది తమ కథే అనుకున్నారు. ఊళ్లో సారా అమ్మనివ్వలేదు. ఆ మాట ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది.

ఒక పాఠం అంత పని చేసింది. 'హెచ్చరిక తెలుగులో రాయండి' అని మనం అడిగితే తప్పేముంది? పొదుపు సంఘంలో మాట్లాడండి. గ్రామసభలో అడగండి. అర్జీ రాయండి. సంతకాలు పెట్టండి. ఇప్పుడు మనకు సంతకం వచ్చు కదా!

ఇంట్లో ఎవరికైనా అలవాటై ఉంటే

తిట్టకండి. కొట్లాడకండి. కెఫీన్ అయితే మెల్లగా తగ్గించండి. రెండు సీసాలు ఒకటి చేయండి. తర్వాత సగం చేయండి. ఆ సమయంలో మజ్జిగ, రాగి జావ ఇవ్వండి. మత్తు పదార్థం అనుకుంటే డాక్టరుకు చూపించండి. ఖాళీ సీసా కూడా తీసుకుపోండి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు:
మత్తు అలవాటు మానడానికి సలహా: 14446
మనసు బాధకు సలహా: 14416
ఆహారం మీద ఫిర్యాదు: 1800112100
కొన్న సరుకు మీద ఫిర్యాదు: 1915
ప్రాణాపాయం అయితే: 108

లెక్క చేయండి

1. సీసా 20 రూపాయలు. రోజుకు 2 సీసాలు. 30 రోజులకు ఎంత? ఏడాదికి, అంటే 12 నెలలకు ఎంత?
2. లీటరుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంది. పావు లీటరు డబ్బాలో ఎంత? మూడు డబ్బాల్లో ఎంత?

ఖాళీలు పూరించండి

1. కెఫీన్ శక్తి ఇవ్వదు. ............ను దాచిపెడుతుంది.
2. అరిష్టం పులిసినప్పుడు ............ పుడుతుంది.
3. ఆహార లైసెన్సు నంబరులో ............ అంకెలు ఉంటాయి.

మాట్లాడుకోండి

మీ ఊరి అంగడిలో ఇలాంటి సీసాలు ఎన్ని రకాలు ఉన్నాయి? ఒక ఖాళీ సీసా తెచ్చి అందరూ కలిసి లేబులు చూడండి. తెలుగులో ఏముంది? వేరే భాషలో ఏముంది? ధర్మవరం వదినకు మీరైతే ఏం చెబుతారు?